చెంచాని ఎలక అన్న టీచరమ్మ

బస్సు మలుపు తిరిగి, నాలుగు మూలుగులు మూలిగి, రోడ్డు పక్కన చతికిలబడింది. డ్రైవరు దిగి, ముందు మూత ఎత్తి, అలిగి కూర్చున్న అల్లుణ్ణి చూసే మామగారిలా లోపలికి చాలాసేపు చూశాడు. ఎంతసేపు పడుతుందండీ అని ఎవరో అడిగితే కండక్టరు, "దాని ఇష్టం" అన్నాడు.

నిజమైన ప్రయాణం ఇలా ఆగిపోయిన చోటే మొదలవుతుంది. కదిలే బస్సులో ఎవరి కిటికీ వాళ్ళది. దిగాక మాత్రం అందరిదీ ఒకటే రోడ్డు, ఒకటే ఎండ, ఒకటే టీకొట్టు. పూర్వం సత్రాల్లో వాన తెరిపివ్వక కలిసిన స్నేహాలూ, గాలి చాలక ఓడలు నిలిచిపోయినప్పుడు కుదిరిన పెళ్ళిసంబంధాలూ అన్నీ ఈ బాపతువే. వేళకి గమ్యం చేరినవాళ్ళ దగ్గర చెప్పుకోడానికి పెద్దగా ఏమీ ఉండదు.

దర్జీ అత్త కూడా దిగింది. వాళ్ళ వీధిలో పిల్లలందరూ ఆమెను అలాగే పిలుస్తారు గానీ, వరసకి ఆమె అత్త అయింది ఒక్క పిల్లకే. ఆ పిల్ల, తమ్ముడి కూతురు, బస్సులో కిటికీకి చెంప ఆనించి నిద్రపోతోంది. ఇంట్లో దాని పేరు పిచిక. పొద్దున్న కళ్ళు తెరిచింది మొదలు కిచకిచ ఆగదు కనక. అయితే ఆ కిచకిచంతా గడప లోపలే. బడి గేటు దాటిందంటే నోటికి తాళమే. తమ్ముడూ మరదలూ ఓడమీద పనికి కుదిరి, పిల్లని ఆమెకి అప్పగించి వెళ్ళి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలోనూ పిచిక ఇంగ్లీషు బళ్ళో పెదవి విప్పలేదు.

"నేను తప్పుగా అంటే క్షమించండి," అంది నిన్న బళ్ళో హెడ్‌మిస్ట్రెస్ మెత్తగా. "పిల్ల బుర్రకి ఎక్కుతున్నట్టు లేదు. పక్క ఊళ్ళో వెనకబడిన పిల్లలకి వేరే బడి ఉంది. ఒకసారి తీసుకెళ్ళి చూపించండి. వాళ్ళు చేర్చుకుంటామంటే ఇక్కడ పేరు తీసేద్దాం."

ఆ బడికే ఈ ప్రయాణం. అక్కడ చేరిన పిల్ల మళ్ళీ మామూలు బడి మొహం చూసిన దాఖలా లేదని వీధిలో అందరికీ తెలుసు. దర్జీ అత్తకీ తెలుసు. తెలిసే, రాత్రంతా గుడ్డమీద కత్తెర ఆడించలేక, పొద్దున్నే పిల్లకి జడ వేసి బయల్దేరింది. ఇవాళ ఆ ఊరు చేరితే పిచిక బతుకు ఒక దారి పడుతుంది. చేరకపోతే ఏ దారి పడుతుందో ఆమెకి తెలియదు.

టీకొట్టు ముందు బల్లమీద ఒక ముసలామె కూర్చుని ఉంది. నెరిసిన పొట్టి జుట్టు, కాన్వాసు బూట్లు, ఒళ్ళో గొడుగు, పక్కన చేతిసంచీ. ఆమె ఈ బస్సు మనిషి కాదు. పక్క సందులోంచి నడిచొచ్చి కూర్చున్న మనిషి. గ్లాసులోకి చూసి ముఖం చిట్లించింది.

"బాబూ, కాస్త ఎలకనివ్వు. చక్కెరంతా అడుగునే కూర్చుంది."

టీకొట్టతను పాలగిన్నె అలాగే పట్టుకుని, "ఏవిటండీ?" అన్నాడు. దారిన పోయే భాషలన్నీ అతనికి కాస్త కాస్త వచ్చు; తెలుగు కాస్త ఎక్కువే వచ్చు.

"ఎలకయ్యా, ఎలక. కలుపుకోడానికి."

"మా కొట్లో ఎలకలు లేవండీ. కావలిస్తే లోపలికొచ్చి చూసుకోండి," అన్నాడతను నొచ్చుకుని.

"అబ్బ, చెంచా నాయనా! అలవాటులో నోరు జారింది."

దర్జీ అత్త గ్లాసులో టీ సగం చేతిమీద ఒలికింది. చురుక్కుమన్న సంగతి కూడా ఆమెకి తెలియలేదు. ఈ భూప్రపంచంలో చెంచాని ఎలక అనే మనిషి ఒక్కరే. ఆ ఒక్కరికీ ఆ మాట నేర్పింది తనే.

ఆ రోజుల్లో ఆమె దర్జీ కాదు, అత్త కాదు. తోటిపిల్లలు పెట్టిన పేరు మూగమ్మ. వాళ్ళ నాన్నకి ఐసు ఫ్యాక్టరీలో పని దొరికి, ఆ రేవు ఊరికి కొత్తగా వచ్చారు. ఊరి బళ్ళో పాఠం ఇంగ్లీషు, ఆట ఇంగ్లీషు, చివరికి నీళ్ళు తాగొస్తానని అడగడమూ ఇంగ్లీషే. అడగడం రాక ఒకనాడు బెంచీ మీదే గౌను తడుపుకుంది. ఆ మర్నాటినించి ఇక నోరే తెరవలేదు.

మాట రాని పిల్లల్ని ఆ బళ్ళో మెట్లకింది గదికి పంపేవారు. మేడమెట్లు ఎలా వాలితే ఆ గది కప్పూ అలాగే వాలి ఉండేది. పైన పిల్లలు పరిగెత్తితే సున్నం పొడి తలమీద రాలేది. ఒక మూల చుట్టచుట్టిన పటాలు, ఇంకో మూల సముద్రాలన్నీ వెలిసిపోయిన గ్లోబు, కాళ్ళు కోసి పొట్టి చేసిన బల్ల. పెద్దవాళ్ళు ఎంత గొప్పవాళ్ళైనా తల వంచుకునే రావాలి. పిల్లలు మాత్రం నిటారుగా నిలబడొచ్చు. హెడ్‌మాస్టరుగారు పొడుగుమనిషి, వంగడం మరిచిపోయి వచ్చినప్పుడల్లా నుదుట బొప్పితో వెళ్ళేవారు.

ఆ గదిలో డబ్బా టీచరు ఉండేది. బిస్కెట్ల రేకుడబ్బా ఒకటి ఎప్పుడూ ఆమె ఎదురుగా ఉండేది కనక ఆ పేరు. అందులో తాళంచెవి, బొత్తాం, ఈల, దారపుకండె, చెంచా, మూత, గుర్రబ్బొమ్మ కాలు, ఇలా ఎవరింట్లోనైనా అటకమీద దొరికే సరంజామా అంతా ఉండేది. ఆమె పద్ధతి ఒకటే: ఇచ్చిపుచ్చుకోవడం. ఒక వస్తువు తీసి బల్లమీద పెట్టేది. దాని ఇంగ్లీషు పేరు ఒకసారి చెప్పేది. తర్వాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని పిల్లవైపు వంగేది. నా మాట నేనిచ్చాను, నీ ఇంటి మాట నువ్వియ్యి అని. ఇవ్వకపోతే బలవంతం లేదు. చిరిగిన మేజోళ్ళు తీసి కుట్టుకుంటూ కూర్చునేది. ఆమెకి ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాదని పిల్లలందరి నమ్మకం.

మూగమ్మ చాలారోజులు ఆ మేజోళ్ళనే చూస్తూ కూర్చుంది. కుట్టు సరిగ్గా పడటం లేదని పిల్లకే తెలిసిపోయేది. ఒకనాడు టీచరు చెంచా తీసి, పేరు చెప్పి, చెయ్యి చెవి దగ్గర పెట్టింది. పిల్లలో ఏ మూలో నిద్రపోతున్న కొంటెతనం ఒళ్ళు విరుచుకుంది.

"ఎలక," అంది.

టీచరు కళ్ళు పెద్దవి చేసింది. "ఎ... ల... కా?" చెంచాని ముద్దుగా నిమిరి, "ఎలక!" అంది మహా గౌరవంగా. ఆ ఊరొచ్చాక మూగమ్మ నవ్వడం అదే మొదలు. నవ్వాపుకోలేక బల్లకింద దూరింది.

ఆ తర్వాత తాళంచెవిని తాళంచెవి అనే చెప్పింది. బొత్తాన్నీ బొత్తామనే చెప్పింది. అమాయకురాలు, పాపం మోసం చేస్తే ఏం బావుంటుందని. చెంచాని మాత్రం మార్చలేదు. ఆ ఒక్కటీ తన వినోదానికి ఉంచుకుంది. టీచరు తను అన్నం తెచ్చుకునే డబ్బాలో కూడా చెంచా కనపడితే చాలు, "మై ఎలక!" అనేది. మూగమ్మకి ఆ పూట అన్నం తినక్కర్లేకుండా కడుపు నిండేది.

ఎదుటి మనిషికి మన భాష రాదని తెలిశాక మన నోటికి ఎంత ధైర్యమొస్తుందో రైళ్ళలో తిరిగినవాళ్ళకి తెలుసు. పరాయి ముఖాన్ని చూస్తూ సొంత అక్కచెల్లెళ్ళకి చెప్పుకోని సంగతులు చెప్పుకునేవాళ్ళున్నారు. మూగమ్మ ఆ గదిలో అలాగే వాగేది, అంతా తెలుగులో. పాఠమయ్యాక టీచరు మేజోళ్ళు తీసేది. పిల్ల గోడకి చేరబడి మొదలుపెట్టేది.

"తమ్ముడు పుట్టినప్పట్నించీ అమ్మ ఆసుపత్రిలోనే ఉంది టీచర్. వాణ్ణి ఎవరికైనా అమ్మేద్దామనుకుంటున్నా. నాన్నకి చెప్పకండేం."

"ఎస్, ఎస్," అనేది టీచరు, సూదికి దారం ఎక్కిస్తూ.

"చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. నాన్నకి చెప్తే ఏడుస్తాడు. ఆయన వేళ్ళింకా కొంకర్లు పోతాయి, ఐసు కదా."

"ఎస్, ఎస్."

విచిత్రంగా, మర్నాటి పాఠంలో డబ్బాలోంచి ఉన్ని చేతితొడుగులు వచ్చాయి. పేరు చెప్పుకోవడం అయింది. తొడుక్కుని చూడటం అయింది. తిరిగిమ్మని ఎవరూ అడగలేదు. పొద్దున్న గాభరాలో ఏమీ తినలేదని చెప్పిన మర్నాడు పాఠం బన్ను గురించి వచ్చింది. తడిసిన గౌను సంగతి చెప్పిన మర్నాడు పాఠం తలుపు గురించి: గది తలుపు, దొడ్డి తలుపు, అడక్కుండా తీసుకుని వెళ్ళొచ్చని బొమ్మలతో. తనది మహా అదృష్టజాతకమని మూగమ్మ అనుకుంది.

తరగతి గదిలో మాత్రం తాళం తాళమే. ఏడాది చివర హెడ్‌మాస్టరుగారు నాన్నని పిలిపించారు. ఆయన చెడ్డమనిషి కాదు. క్లాసునిండా పిల్లలు, చేతినిండా పని. మాటరాని పిల్లని పై తరగతికి ఎలా పంపాలో ఆయనకి పాలుపోలేదు. గుడ్డివాళ్ళకీ చెవిటివాళ్ళకీ నడిపే బడి ఒకటి ఊరవతల ఉంది; అక్కడైతే బావుంటుందని ఇంగ్లీషులో మెల్లగా, మర్యాదగా చెప్పారు. నాన్న ఫ్యాక్టరీ బూట్లతో, టోపీ చేత పట్టుకుని నిలబడి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ప్రతి వాక్యానికీ తలూపుతున్నాడు. పెద్దమనిషి చెబుతుంటే కాదంటామా అని. పక్కన మూగమ్మ. తలుపు దగ్గర డబ్బా టీచరు. హెడ్‌మాస్టరుగారు ఆఖరిమాటగా, సరేనా అన్నారు. నాన్న నవ్వుముఖంతో తల పైకెత్తి, కిందికి దించబోయాడు.

"తలూపకండి!"

గది ఉలిక్కిపడింది.

"ఆయన ఏమంటున్నారో తెలుసా మీకు? పిల్లని చెవిటిబడిలో పడేస్తామంటున్నారు. మీరేమో గంగిరెద్దులా తలూపుతున్నారు! కాదని చెప్పండి. మాటలు ఈ పిల్ల గొంతుదాకా వచ్చి ఉన్నాయి. నేను చూస్తున్నానుగా రోజూ!"

డబ్బా టీచరు మాటలో తడబాటు లేదు, వెతుక్కోవడం లేదు. అమ్మమ్మ తిట్టినంత చక్కటి తెలుగు.

మూగమ్మకి ముందు ఎండాకాలం లాంటి సంతోషం ఒకటి ఒంట్లోకి వచ్చింది. దాని వెనకే ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. తమ్ముణ్ణి అమ్మేయడం. తడిసిన గౌను. నాన్న ఏడుపు. అన్నీ విన్నది. అన్నీ అర్థమయ్యే విన్నది. ఎలక కాదని కూడా తెలుసు!

"యూ నో!" అని అరిచింది. "ఆల్ ద టైమ్ యూ నో! యూ లయర్! స్పూన్ ఈజ్ నాట్ ఎలక! యూ నో స్పూన్ ఈజ్ నాట్ ఎలక!"

అక్కడితో ఆగలేదు. చేతితొడుగులు, బన్ను, తలుపు, మేజోళ్ళు, ఏడాదిగా ఆ గదిలో పోగుపడ్డ ఇంగ్లీషంతా కాళ్ళూ చేతులూ విరిగి బయటపడింది. వ్యాకరణం వీధినపడ్డా కోపం మాత్రం నిఖార్సయింది. నాన్న నోరు తెరిచాడు. హెడ్‌మాస్టరుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "ఎలక అంటే ఏమిటో నాకు తెలియదు గానీ, ఈ అమ్మాయి మాట్లాడుతోంది," అన్నారు.

డబ్బా టీచరు ముక్కు ఎర్రబడింది. "నీ క్లాసుకి నువ్వెళ్ళు," అంది ఇంగ్లీషులో, చాలా మెల్లగా. మూగమ్మ తలుపు దబీమని వేసి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మెట్లకింది గది గడప తొక్కలేదు. కారిడార్లో ఎదురైతే ముఖం తిప్పుకునేది. అంతలో నాన్నకి వేరే ఊళ్ళో పని కుదిరింది. సామాను బండిలో కూర్చున్నాక ఒకసారి వెనక్కి చూసి ఉంటే బావుండేదని అనిపించడానికి చాలా ఏళ్ళు పట్టింది. చేతితొడుగులు చిన్నవైపోయి తమ్ముడికి వచ్చిన ఏడు, వాటి అరచేతిలో వంకర కుట్టు చూసింది. మేజోళ్ళ కుట్టే అది. కొన్నవి కావు.

ఇప్పుడు ఆ వంకర కుట్టు మనిషి ఎదురుగా కూర్చుని, చెంచాతో టీ కలుపుకుంటోంది.

"అది ఎలక కాదు టీచర్," అంది దర్జీ అత్త.

ముసలామె కలపడం ఆపలేదు. "నాకు నేర్పిన పండితురాలు ఎలకనే చెప్పింది. ఆవిడ మాట కాదనడానికి నువ్వెవరమ్మా?" అని, అప్పుడు తలెత్తి చూసింది. చూసి, చెంచా గ్లాసులో వదిలేసింది. "తమ్ముణ్ణి అమ్మేశావా, ఉంచావా?"

దర్జీ అత్తకి నవ్వూ ఏడుపూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "ఉంచానండీ. మంచి బేరం రాలేదు."

"అమ్మ?"

"ఇంటికొచ్చిందండీ. ఆ తర్వాత చాలాకాలం ఉంది."

"అదీ. అది తెలియక ఇన్నాళ్ళూ ఒక నస. జరుగు, ఇలా కూర్చో. ఏం పనిచేస్తున్నావు?"

"బట్టలు కుడతానండీ. మీ మేజోళ్ళు చూసి చూసి, కుట్టంటే ఇలా ఉండకూడదని పట్టుదల వచ్చింది."

"పోన్లే, ఏదో ఒకటి నేర్పానన్నమాట," అంది ముసలామె.

బస్సుకింద డ్రైవరు కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. దర్జీ అత్త ఇన్నేళ్ళూ దాచుకున్న ప్రశ్న అడిగింది. "ఎందుకండీ అలా చేశారు? రానట్టు?"

ముసలామె గొడుగు కొనతో నేలమీద ఓ గీత గీసింది.

"నన్ను టీచరుగా ఎవరూ పెట్టుకోలేదే అమ్మాయ్. పటాల దుమ్ము దులపడానికి పెట్టుకున్నారు. మా ఆయన రైలు సిగ్నళ్ళ దగ్గర పని. ఆయన రోజంతా కలిపి మాట్లాడేది కూరలో ఉప్పు గురించే. అందుచేత మాట్లాడనివాళ్ళ పక్కన కూర్చోవడం నాకు అలవాటు. అది చూసి హెడ్‌మాస్టరు, ఈవిడ దగ్గర పడేయండి అన్నాడు. మొదట వచ్చినవాడు మనవాడే. మన తెలుగు పిల్లాడే. పాపం, బెంగగా ఉన్నాడని తెలుగులో పలకరించాను. అంతే, కరుచుకుపోయాడు. దాహమేస్తే నాకు చెప్పేవాడు, నేను వెళ్ళి వాళ్ళ టీచరుకి చెప్పేదాన్ని. ఎవరైనా కొడితే నాకు చెప్పేవాడు, నేను వెళ్ళి దెబ్బలాడేదాన్ని. నాకెంత గర్వమో! వాడి నోరు నేనే అయిపోయాను. నేనొక నెల జ్వరంతో మంచమెక్కాను. వచ్చేసరికి వాడు బళ్ళో లేడు. అడిగినదానికి పలకడం లేదని పంపించేశారు. వాడు పలకడమెలా? వాడి నోరు మా ఇంట్లో జ్వరంతో పడుందిగా."

టీ చల్లారిపోయింది. ఆమె పట్టించుకోలేదు.

"మిగతా భాషల పిల్లలు నాకు నేర్పి నేర్పి, తామే నేర్చేసుకున్నారు. తెలుగువాడొక్కడే దెబ్బతిన్నాడు, నాకు తెలుగు వచ్చినందుకు. దాంతో తెలుగు మానేశాను. బడి గేటు దగ్గర కూరలమ్మితో కూడా ఇంగ్లీషే. అది నన్ను దొరసాని అని వెక్కిరించేది. నువ్వు చెప్పే కబుర్లకి నవ్వొచ్చి చచ్చేదాన్ని. నవ్వకూడదు. ఒక్కోనాడు ఇంకోటొచ్చేది. అదీ కూడదు. అందుకే తలెత్తకుండా ఆ మేజోళ్ళు. కుట్టు కుదురుగా ఎలా వస్తుందే?"

దర్జీ అత్త ఏదో అనబోయింది. ఇన్నాళ్ళూ కూడబెట్టుకున్నదే. ముసలామె చేత్తో ఆపింది. "అది సరే. ఈ ఎండలో ఎటు ప్రయాణం?"

చెప్పింది. పిచిక సంగతి, హెడ్‌మిస్ట్రెస్ సంగతి, పక్క ఊరి బడి సంగతి. "నేను చెయ్యని ప్రయత్నం లేదండీ. బళ్ళో దిగబెట్టి కిటికీ దగ్గర నిలబడతాను. టీచరు అడిగినప్పుడల్లా బయటినించి నేనే చెబుతాను. కొట్టుకెళ్ళినా, డాక్టరు దగ్గరికెళ్ళినా దాని బదులు నేనే..."

చెబుతూ చెబుతూ ఆమె గొంతు నెమ్మదించింది. ఆగిపోయింది. ముసలామె చెంచా తీసి తుడిచి బల్లమీద పెట్టింది.

"అత్తా!"

పిచిక లేచింది. జడ ఒకటి ఊడి, చెంపమీద కిటికీ అచ్చుతో బస్సు దిగి పరిగెత్తుకొచ్చింది. "అత్తా, బస్సెందుకు ఆగింది? డ్రైవరు మామయ్య కిందెందుకు పడుకున్నాడు? ఆయనకి నిద్రొచ్చిందా? నాకు ఆకలేస్తోంది. ఈ మామ్మెవరు?"

టీకొట్టతను వంగి, "నీ పేరేంటి పాపా?" అన్నాడు ఇంగ్లీషులో, చుట్టాలపిల్లతో అన్నట్టు. పిచిక ముఖానికి తలుపు పడింది. "దాని పేరూ..." అని దర్జీ అత్త అలవాటుగా మొదలుపెట్టి, నాలుక కరుచుకుంది.

ముసలామె వైపు చూసింది. ఆ ముఖంలో ఇందాకటి మనిషి లేదు. కళ్ళల్లో తెలుగు ఆరిపోయింది. దొడ్లో దీపం ఎవరో ఊదేసినట్టు. దాని స్థానంలో పరాయి ఊరి ముసలామె ఎవరో, మర్యాదగా, అయోమయంగా, ఇంగ్లీషులో నవ్వుతోంది.

"పాపం, ఈ మామ్మకి మన మాట రాదే," అంది దర్జీ అత్త.

"ఒక్క మాట కూడానా?" అంది పిచిక జాలిగా.

"ఇదేంటండీ, ఇందాకేగా ఎలకా గిలకా అని..." అని టీకొట్టతను అందుకున్నాడు.

"బాబాయ్, బన్నుంటే ఇటివ్వు. కబుర్లు తర్వాత!" దర్జీ అత్త చూపుకి అతని మాట గొంతులోనే మడత పడింది. తలగోక్కుని పాలు మరగబెట్టుకోడానికి వెళ్ళాడు.

ముసలామె చేతిసంచీలోంచి చిన్న రేకుడబ్బా తీసింది. పాతదాని మనవరాలనుకోవచ్చు. తాళంచెవి పెట్టింది. పేరు చెప్పి, చెవి దగ్గర చెయ్యి పెట్టింది. పిచిక కాసేపు చూసింది. అత్తవైపు చూసింది. అత్త రోడ్డువైపు చూస్తోంది.

"తాళంచెవి," అంది చివరికి.

"తలం... సెవి?"

"కాదు మామ్మా! తా! ళం! నాలుక ఇలా పైకి మడతపెట్టాలి. చూడు." పిచిక నోరు తెరిచి చూపించింది. ముసలామె నోరు తెరిచి ప్రయత్నించింది. కట్టుడుపళ్ళు కదిలాయి. "మళ్ళీ చెప్పు," అంది పిచిక, వాళ్ళ క్లాసు టీచరుకంటే కఠినంగా. బొత్తాం అయింది. దారపుకండె అయింది. ఒక్కొక్కదానికీ ముసలామె చెప్పుచేతల్లో ఉండే మొద్దు విద్యార్థిలా కష్టపడుతోంది. దర్జీ అత్త ముఖం పక్కకి తిప్పుకుని, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తను కూడా ఇలాగే కదా, ఇంత దర్జాగా పాఠం చెప్పింది!

డబ్బా అడుగున ఈల ఉంది. పిచిక కన్ను దానిమీద పడింది. ముసలామె కావాలనే దాన్ని తీయకుండా మూత పెట్టబోయింది.

"మామ్మా, ఈల ఇవ్వు. ఈల!"

ముసలామె అయోమయంగా నవ్వింది.

"అత్తా, నువ్వు చెప్పవా? ఈల కావాలని చెప్పు."

దర్జీ అత్త జీవితంలో చాలా కష్టమైన పనులు చేసింది. పెళ్ళిబట్టలు ఒక్కరాత్రిలో కుట్టింది. తల్లిని తనే సాగనంపింది. కానీ నోటిదాకా వచ్చిన ఆ చిన్నమాట మింగడం వాటన్నిటికంటే కష్టమైంది. "నాకేం తెలుసే? నీ స్నేహితురాలు, నువ్వే అడుక్కో," అని చల్లారిన టీ గడగడా తాగేసింది.

పిచికకి కోపం వచ్చింది. డబ్బావైపు చూసింది, మామ్మవైపు చూసింది, బూటుకాలితో నేలమీద గీసింది. దూరంగా లారీ ఒకటి వచ్చి, దాటి, మలుపు తిరిగిపోయింది. ఎవరూ కదల్లేదు.

"విజిల్," అంది పిచిక నేలకేసి. ఇంకాసేపటికి, "ప్లీజ్. గివ్."

ముసలామె పెద్ద హడావిడేమీ చెయ్యలేదు. పక్కింటివాళ్ళు నిప్పెట్టె అడిగితే ఇచ్చినట్టు, మూత తీసి ఇచ్చింది.

పిచిక దాన్ని నోట్లో పెట్టుకుని, ఏడాదిగా కూడబెట్టిన ఊపిరంతా ఊదింది. ఆ దెబ్బకి కొట్టు ముందు కునుకుతున్న ప్రయాణికులంతా గ్లాసులు వదిలేసి బస్సుకేసి పరుగు. ఒకాయన చెప్పులు కూడా వదిలేశాడు. బస్సుకింద డ్రైవరు తలకి ఏదో తగిలి అబ్బా అన్నాడు.

"ఎవరది? ఈల వేసిందెవరు?" అంటూ కండక్టరు ఊగిపోతూ వచ్చాడు. "ఈల నా ఉద్యోగం! బండి లేవకుండానే జనాన్ని ఎక్కిస్తారా?"

అతనన్నదంతా ఇంగ్లీషే. దర్జీ అత్త లేవబోయి, బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. పిచిక ఈలని వెనక దాచుకుని, ముసలామెని చూసి, కండక్టర్ని చూసి, "సారీ," అంది. తర్వాత, న్యాయంగా చెప్పాలనిపించి కాబోలు, "బట్ గుడ్ విజిల్," అంది.

కండక్టరు కోపం ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. "అవునవును, నాదానికంటే మంచిదే," అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

ఆ ఈలకి సిగ్గేసిందో ఏమో, బస్సు కూడా దగ్గి, దగ్గి, లేచింది. డ్రైవరు నూనె చేతులు తుడుచుకుంటూ ఎక్కాడు. అందరూ ఎక్కారు. కండక్టరు మెట్టుమీద నిలబడి పిలిచాడు. "రండమ్మా, పక్క ఊరివాళ్ళు మీరేగా?"

"మేం రావట్లేదు," అంది దర్జీ అత్త.

"టిక్కెట్టు?"

"నీ దగ్గరే ఉంచుకో నాయనా."

బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. "మనం ఆ బడికి వెళ్ళట్లేదా అత్తా?" అంది పిచిక.

"లేదు. వెనక్కెళ్ళే బస్సెక్కుదాం. రేపు మీ బళ్ళో గేటు దగ్గరే వదిలేసి వెళ్ళిపోతా. కిటికీ దగ్గర నిలబడను. నాకు బోలెడు కుట్టుపనుంది."

పిచిక ఆలోచించింది. "ఈల తీసుకెళ్ళొచ్చా?"

"నన్నడుగుతావేం?"

ముసలామె అప్పటికే లేచింది. డబ్బా సంచీలో పెట్టుకుంది. చెంచా టీకొట్టతనికి తిరిగిచ్చి, గొడుగు విప్పింది. ఈల గురించి చెయ్యి చాపలేదు. చేతితొడుగుల గురించీ ఏనాడూ చాపలేదు.

దర్జీ అత్త కూడా లేచి నిలబడింది. ఎన్నేళ్ళ మాట అది. ఆ తొడుగుల వంకర కుట్టు చూశానండీ అనాలి. ఆ రోజు తలుపు దబీమని వేసినందుకు... ఈమె ఇల్లెక్కడో అడగాలి, మళ్ళీ ఎప్పుడు కనబడతారని అడగాలి. కానీ అవన్నీ తెలుగు మాటలు. పక్కన పిచిక, ఈల పట్టుకుని, ఈ మామ్మకి మన మాట ఒక్కటీ రాదని నమ్మి నిలబడి ఉంది. రేపు బళ్ళో ఆ నమ్మకంతోనే నోరు తెరుస్తుంది. ముసలామె దర్జీ అత్త కళ్ళల్లోకి ఒక్కసారి చూసింది. ఆ కళ్ళల్లో కూడా ఏదో వెలగబోయి, పిల్లని చూసి, ఆగింది.

తర్వాత ఆమె గొడుగు భుజానికెత్తుకుని, పక్క సందులోకి తిరిగింది. వెళ్ళొస్తానని గానీ, ఉంటానని గానీ, ఏ భాషలోనూ ఏమీ అనకుండా, కాన్వాసు బూట్ల కింద గులకరాళ్ళు కరకరమంటుండగా నడిచి వెళ్ళిపోయింది.